రూత్ గారి పదకొండు వరుసలు

దెయ్యాలు లేవని పాతికేళ్ళపాటు వేదికలెక్కి వాదించినవాణ్ణి. చేతబడి అని జనం హడలిపోయిన గుమ్మం ముందు నిమ్మకాయలు ఏరుకుని, షర్బత్ కలుపుకుని తాగినవాణ్ణి. ఇది చదివి నా ప్రత్యర్థులు సంబరపడతారని తెలుసు. పడనివ్వండి. జరిగినదాన్ని దాచిపెట్టడం హేతువాదం కాదు.

ఉమ్మడి రాష్ట్రం రోజులు, ఫ్లాపీల కాలం. సికింద్రాబాద్ చిలకలగూడలో, మేడ మీద రెండు గదుల కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాణ్ణి. దగ్గర్లోని ఒక అంధ బాలికల పాఠశాల కోసం, తెలుగు పాఠాన్ని గొంతెత్తి చదివే ప్రోగ్రాం చేస్తున్నాం. అక్కడ యాదమ్మ అనే తొమ్మిదో తరగతి పిల్ల మొదటి రోజే నాతో అంది: "కథ సగంల ఉండంగనే చదివేటోళ్ళు లేచిపోతరు సార్. మళ్ల బతిమాలాలె. నాకు బతిమాలుడు వద్దు."

ఆ పనిలో ముఖ్యమైన భాగం రూత్ గారిది. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి, అంతకుముందు బడిపంతులమ్మ. ఏది రాసినా ముందు పొడుగు నోట్‌బుక్కులో పెన్సిల్‌తో రాసుకుని, తర్వాతే టైపు చేసేవారు. ఆ వర్షాకాలంలో జబ్బు చేసి చనిపోయారు.

ఆమె కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తోటి ఉద్యోగి నర్సింగ్ నన్ను బతిమాలాడు: "అన్నా, జెర నాల్గు దినాలు ఆగరాదే. ఆమె సీటు గట్లనే ఉండనీ." నాకు ఒళ్ళు మండింది. అందరి ముందూ ఆ కుర్చీలో కూర్చుని, ఆమె కంప్యూటర్ డిస్క్ మొత్తం తుడిచేసి, ప్రోగ్రాం కూర్చే పనికి దాన్నే పెట్టాను. అందులో ఆమె సొంత ఫైళ్ళేమైనా ఉన్నాయేమో చూడనైనా లేదు. ఇప్పుడు ఆలోచిస్తే అదీ ఒక పూజే. నాకు భయం లేదని చాటుకోవడానికి నేను చేసిన పూజ.

మర్నాటి నుంచే మొదలైంది. ప్రోగ్రాం అంటే విడివిడి ముక్కలు. చివరికి లింకర్ అనేది వాటిని కలుపుతుంది. ఒక ముక్క ఏదైనా పనిని పేరు పెట్టి పిలిస్తే, ఆ పని ఎక్కడుందో వెతికి జోడిస్తుంది. దొరక్కపోతే పేరు చెప్పి ఆగిపోతుంది. మా లింకర్ ఆగిపోయి చూపిన పేరు 'ఆగు-రూత్'.

ఏది రాసినా చివర సొంత పేరు తగిలించడం మా ఆఫీసు ఆనవాయితీ. తప్పొస్తే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా! కానీ ఆమె బతికుండగా లింకర్ ఈ పేరు ఎన్నడూ అడగలేదు. పాత ముక్కలన్నీ చెరిపి మళ్ళీ తయారుచేశాం. వేరే కంప్యూటర్ మీద చేశాం. ఆ ముక్కల్ని తయారుచేసే కంపైలర్‌ను కొత్తగా ఎక్కించాం. ప్రతి ఫైల్లో ఆ పేరు కోసం వెతికాం. ఏ ముక్కా దాన్ని పిలవడం లేదు. అయినా అదే ఫిర్యాదు.

శనివారం పాఠశాలలో వినిపించాలి. అక్కడివాళ్ళకు నచ్చకపోతే, బడిలో ఉన్న ఒక్క కంప్యూటరూ పిల్లలకు దక్కకుండా బడి ఆఫీసు పనికి పోతుంది.

"అడుగుతుంది గదా అన్నా, ఓ ఖాళీది ఇచ్చేద్దాం. పరేషాన్ ఎందుకు?" అన్నాడు నర్సింగ్.

"నైవేద్యం పెట్టమంటావా?"

"గట్లనే అనుకో. నీకు ప్రసాదం పెట్టంలే."

ఆ పేరుతో, ఏ పనీ చేయని ఖాళీ ముక్క రాశాడు. అంతా కలిసింది. శుక్రవారం పొద్దున యాదమ్మకు వినిపించాం. ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది. "ఏందీ సార్, ఎవరో తరుముతున్నట్టు గిట్ల ఉరుకుతుంది? కథ వింటున్నమా, రైలెక్కుతున్నమా?"

తిరిగొచ్చి, ఆ పేరుతో ఏమైనా రాసిపెట్టుకున్నారేమోనని రూత్ గారి సొరుగు తీశాను. పొడుగు నోట్‌బుక్కులో చివరి పేజీ. పైన అదే పేరు, కింద పదకొండు వరుసలు. కామా దగ్గరా, వాక్యం ముగిసిన చోటా గొంతు ఎంతసేపు ఆగాలో లెక్క. అంచున చిన్న అక్షరాలతో: 'యాదమ్మ ఊపిరి తీసుకునేంతసేపు.'

ఖాళీ ముక్క తీసేసి ఆ పదకొండు వరుసలూ ఉన్నదున్నట్టు టైపు చేశాను. మొదటిసారే కలిసింది. గొంతు ఆగింది. ఆగాల్సిన ప్రతి చోటా ఆగింది.

ఆమె రాసినది, నేను తుడిచేసిన డిస్కులో పోయిందనుకోండి. ఒప్పుకుంటాను. లోపల ఎక్కడో చెరగని పాత ముక్క మిగిలిందనుకోండి. అందుకే మూడుసార్లు అన్నీ చెరిపి మొదటినుంచి చేశాం. ఆ వరుసలు తీసేస్తే లింకర్ ఆగిపోతుంది, పెడితే గొంతు ఊపిరి తీసుకుంటుంది. వాటిని పిలిచే మాట మాత్రం ఏ ఫైల్లోనూ లేదు. నర్సింగూ నేనూ అన్నీ కాగితం మీద అచ్చు తీసి, వేలు పెట్టి మరీ చదివాం.

దెయ్యాలు లేవు. రేపు వేదికెక్కినా అదే చెబుతాను. ఆ పిలుపు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. తెలియనిదాన్ని తెలియదనడానికి నాకు సిగ్గులేదు. తెలిసేవరకూ వెతుకుతాను. ఆ నోట్‌బుక్కు ఇంకా నా దగ్గరే ఉంది.

శనివారం యాదమ్మ కథ మొత్తం కదలకుండా వింది. అయిపోయాక బాగుందా అని అడగబోయాను. ఆ పిల్ల నాకేసి తిరగనే లేదు. చేత్తో తడిమి మీట వెతుక్కుని, తనే రెండో కథ పెట్టుకుంది.