చిత్తమండి

మా ఆయన బంటుమిల్లి దగ్గర పాస్టరుగా ఉన్న రోజుల్లో చర్చి ఊడ్చే ఒకావిడ ఉండేది. ఏం చెప్పినా "చిత్తమండి" అనేది. కామందులతో అనే ఆ మాటే ప్రార్థనలో దేవుడితోనూ అనేది. వింటుంటే నాకు నవ్వొచ్చేది.

ఒక జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక ఆ ఏటికి దేవుడి మాటగా ఒక్కో బైబిలు వాక్యం రాసుండే వాగ్దానాల కార్డులు అందరం తీసుకున్నాం. ఆవిడకు చదువు రాదు. తన కార్డు నా చేతికిచ్చింది. చూస్తే నాకొచ్చిన వాగ్దానమే ఆవిడకూ వచ్చింది, దేవుడు సమాధానం, అంటే శాంతి, ఇస్తాడని.

"దానికి నేనేం చెయ్యాలండీ అమ్మగారూ?" అంది.

అలా ఎవరూ అడగరు. కార్డు కళ్లకద్దుకుని ఇంటికెళ్తారు. నాకు చిరాకేసింది.

"ముందు మీ అక్కతో సమాధానపడు" అన్నాను. గట్టు తగాదాతో ఆ అక్కాచెల్లెళ్లకు ఆరేళ్లుగా మాటల్లేవు.

"చిత్తమండి" అంటూ చీపురు గోడకానించి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమ విందుకు అక్కను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నవ్వుకుంటూ తిన్నారు. నాకు కడుపు మండిపోయింది. అదే పంక్తిలో మా తోడికోడలు కూర్చుని ఉంది. ఆవిడతో నేను మాట్లాడి అప్పటికి నాలుగేళ్లు.

"నీ కార్డు తీసుకెళ్లు" అన్నాను విసురుగా.

"ఇంకెందుకండీ, దేవుడు ఇచ్చేశాడుగా!" అంది.

ఆ కార్డు ఇప్పటికీ నా పెట్టెలో నా కార్డు పక్కనే ఉంది. ఒకే వాగ్దానాన్ని రెండుసార్లు చదువుకుంటాను. తోడికోడలి గడప మాత్రం ఇంతవరకూ తొక్కలేదు.