నానబెట్టిన పడవ

మా నాన్న బందరు కాలువ మీద లాంచీ నడిపేవాడు. బెజవాడ నుంచి పామర్రు వైపు బస్సులు ఎక్కువయ్యాక లాంచీ ఎక్కేవాళ్ళు తగ్గారు, తర్వాత లాంచీయే ఆగిపోయింది. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో నాన్నకు వాచ్‌మన్ పని ఇప్పిస్తానని అక్కడుండే పెదనాన్న అన్నాడు. నాన్న కాదనలేదు, సరేననీ అనలేదు. ఇసుక కాంట్రాక్టరు ఒకాయన దొడ్లో పడేసిన పాత ఫైబర్ గ్లాస్ మోటారు పడవను అడిగి, బండి మీద ఇంటికి తెచ్చాడు. దాన్ని బాగుచేసి, కాలువ లాకు గేట్లు దాటించి, నది మధ్య లంక ఊళ్ళకు జనాన్ని తిప్పాలని ఆయన ఆలోచన. ఫ్యాక్టరీలో చెరుకు ఆడించడం మొదలయ్యేలోగా పడవ తేలకపోతే ఆ పనికే వెళ్తానని అమ్మకు మాటిచ్చాడు.

ఇంజను నాన్న చేతిలో తొందరగానే దారికొచ్చింది. పడవ ఒళ్ళు మాత్రం మొండికేసింది. కాలువలో దింపిన పూటకే అడుగున నీళ్ళు చేరేవి. ఎక్కడా చిల్లు కనపడదు.

నాన్న ఎరిగినవన్నీ చెక్క పడవలు. ఎండి బీటలిచ్చిన పడవను కొన్నాళ్ళు నీళ్ళలో ముంచి ఉంచితే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. దీన్నీ అలాగే రాళ్ళు నింపి కాలువలో ముంచాడు. బస్సు బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. గట్టు మీద నిలబడి నవ్వాడు.

“పెసలు నానబోసినట్టు నానబోశారేంటండీ? రేపు రుబ్బుతారా?”

“నవ్వవయ్యా, నవ్వు. లోపల చెక్క ఉంది.”

లోపల చెక్క ఉన్నమాట నిజమే. అది నీళ్ళన్నీ తాగింది. పైనున్న ఫైబరు ఏమీ ఉబ్బలేదు. బయటికి తీయబోతే మునుపు సులువుగా ఎత్తినవాళ్ళే ఎత్తలేకపోయారు. ఇంతలో వేసవికి కాలువ నీళ్ళు కట్టేశారు. పడవను ఎలాగో గట్టెక్కించి ఇటుకల మీద పక్కకు వాల్చారు. నాన్న అటు వెళ్ళడం మానేశాడు. వాచ్‌మన్ పనికి పనికొస్తాయని అమ్మ ఆయన పాత ఖాకీ చొక్కాలు ఉతికి ఇస్త్రీకి ఇచ్చింది.

ఆ పడవ నీడ నాకు పనికొచ్చింది. ఇంటికి ఎవరైనా వస్తే లోపలికి తప్పుకునే మనిషిని నేను. లైబ్రరీ పుస్తకం పట్టుకుని అక్కడ కూర్చుంటే ఎవరికీ కనపడేదాన్ని కాదు. ఒక మధ్యాహ్నం పుస్తకంలో పేజీ మీద నీటి చుక్క పడింది. ఎండకు కాలువ అడుగే పగిలిపోయి ఉంది. తలెత్తి చూశాను. మోటారు తగిలించే చోటికి కాస్త కింద, రంగు మీద వెంట్రుకలాంటి తడి గీత. వేలు పెడితే ఇంకో చుక్క.

నాన్న అరుగు మీద మేస్త్రీతో మాట్లాడుతున్నాడు. ఆయన వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఈలోపు గీత ఆరిపోతే మళ్ళీ కనపడదేమోనని భయం వేసింది. వెళ్ళి తల వంచుకునే చెప్పాను.

“నాన్నా, పడవ కారుతోంది.”

“నీళ్ళే లేని కాలువలో కారేదేంటమ్మా?” అన్నాడు మేస్త్రీ.

“లోపల తాగిన నీళ్ళండీ. వచ్చిన దారినే పోతున్నాయేమో.”

నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా లేచాడు.

రంగు గీకితే పగులు జానెడు పొడవుంది. నానబోయడం మంచిదే అయిందని మేస్త్రీ ఈసారి నవ్వకుండానే అన్నాడు. కానీ లోపలి చెక్క చెడిపోయింది. అడుగు కోసి దాన్నంతా తీసేశారు. వేసవంతా ఎండనిచ్చి కొత్త చెక్క వేశారు. మేస్త్రీ షెడ్డు నుంచి తెచ్చిన గాజు గుడ్డను రెజిన్ జిగురులో తడిపి పగులు మీద పొరలుగా అంటించారు. ఆ ఘాటుకు అమ్మ వంటింటి కిటికీ మూసేసేది.

కాలువకు నీళ్ళు వదిలాక పడవ దింపారు. అమ్మ గట్టు మీదే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నాన్న నన్ను ఎక్కమన్నాడు. ఇంజను వెంటనే స్టార్టు చేయలేదు. చాలాసేపు అడుగునే చూస్తూ కూర్చుని, చివరికి అరచేత్తో తడిమాడు. పొడిగా ఉంది.

“ఉయ్యూరు కబురు పెట్టాలి, నేను రావట్లేదని,” అన్నాడు. ఇంజను తాడు చేతికి చుట్టుకుని, “ఉత్తరం నువ్వు రాయమ్మా. అన్నయ్యకి నేను రాయలేను,” అన్నాడు.

ఇన్ని నెలలుగా ఆయన కష్టమంతా పెదనాన్నతో ‘రాను’ అన్న ఆ ఒక్క మాట నోటితో అనలేకేనేమో అనిపించింది. రాస్తానన్నాను. అప్పుడు తాడు లాగాడు.