ఇసుక మీద లంగా అంచు

1998 వేసవిలో పామిడిలో అక్కమ్మ ఒక లంగా కుట్టింది. దానికి బడి సెలవులన్నీ పట్టాయి.

అక్కమ్మది కాజాల పని. ఊళ్లో తయారయ్యే చొక్కాలకు ఇంట్లో కూర్చుని కాజాలు తీసి, గుండీలు కుడుతుంది. వానలు పడిన ఏడాది వేరుశనగ చేలకు కూలికి పోతుంది. కూతురు సారాకు రెండో ఏట పోలియో వచ్చి ఎడమ కాలు పొట్టిదైంది. అడుగు వేసినప్పుడల్లా నడుము ఆ పక్కకు ఒరుగుతుంది. బడిలో ఆడపిల్లలకు నీలం లంగా, తెల్ల ఓణీ. టైలరు అందరికీ కత్తిరించినట్టే సారాకూ కత్తిరించాడు. తొమ్మిదో తరగతి పరీక్షల ముందు, ప్రార్థనకు నడుస్తుంటే అంచు కాలికింద పడి, బడంతా చూస్తుండగా పిల్ల బోర్లా పడింది. పరీక్షలైతే రాసింది కానీ, ఆఖరి రోజు ఇంటికొచ్చి తేల్చి చెప్పింది.

"పదికి పోనమ్మా. నీతో పాటు కాజాలు కుడతా."

మరునాడు అక్కమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని రాఘవేంద్ర అంగడికి పోయింది. అక్కడ మిల్లు గుడ్డ ముక్కలు తూకానికి అమ్ముతారు. రాఘవేంద్ర మెరిసే టెరికాటు చూపాడు.

"గాలికి లేస్తాది. వద్దన్నా," అంది అక్కమ్మ.

నూలు గుడ్డ తీశాడు. అక్కమ్మ దాని మూలను నోట్లో తడిపి, గంజి పోయేదాకా నలిపి, వేళ్ల మధ్య జార్చి చూసింది. పక్కన పడేసింది. ఇంకొకటి సారా నడుముకు చుట్టి, నడవమంది.

"ఏమక్కా, సరుకంతా ఎంగిలి చేస్తాండావు! ఇది బట్టల అంగడా, నాటకాల కొట్టమా?"

"నీ గుడ్డకు నడక వస్తాదో లేదో చూడొద్దా అన్నా?"

ముక్కల గుట్ట అడుగు దాకా తోడించి, పదకొండో గుడ్డ ఒప్పుకుంది. విడిస్తే నేరుగా నేలకు దిగే మందపు నీలం నూలు గుడ్డ. మూలనున్న ముతక నూలు దారపు చిలప కూడా అడిగింది.

"మంచం అల్లుతావా?"

"లంగాలోకి."

రాఘవేంద్ర సారా వైపు చూశాడు. చిలపను గుడ్డతో పాటే తూకం వేశాడు.

ఆ నూలును అక్కమ్మ తొడమీద పేని సన్నని తాడు చేసింది. అంచు ఊగకుండా బరువు కోసం దాన్ని లంగా అడుగు మడతలో పెట్టి చేత్తో కుట్టింది. ఇక రోజూ పొద్దున్నే తల్లీకూతుళ్లు ఎండిన పెన్న ఏట్లోకి దిగేవారు. నీళ్ల కోసం తవ్విన చెలమల పక్కన ఇసుక తడిగా ఉంటుంది. సారా నలభై అడుగులు నడిచేది. వెనక ఒకటి లోతుగా, ఒకటి తేలిగ్గా అడుగుల జాడ. పక్కనే అంచు ఈడ్చిన గీత. గుడ్డకు ఇసుక అంటిన చోట అక్కమ్మ విప్పి, కాస్త ఎత్తి మళ్లీ కుట్టేది. మరీ పైకి పోయి చీలమండ కనబడితే మళ్లీ దించేది.

"దినామూ పోతాండావు, ఏట్లో పైరేమన్నా పెట్టినావా?" అన్నాడు భర్త యేసన్న.

"నువ్వు పెట్టినదాని కంటే మేలుగానే ఉండాదిలే."

బడి తెరిచే ముందురోజు యేసన్న కూడా వెంట వచ్చాడు. ఇసుక మీద పరిచిన లంగాను చూసి, "కుక్క పీకినట్టుండాది కదే!" అని నవ్వాడు. అబద్ధం కాదు. ఒక పక్క నాలుగు వేళ్లు తక్కువ, వెనక వంకర, తాడు ఒకచోట లావు, ఒకచోట సన్నం. మనిషి కట్టుకునే బట్టలా లేదు.

సారా కట్టుకుని నడిచింది. అడుగడుక్కీ నడుము ఒరుగుతూనే ఉంది. కింద అంచు మాత్రం నేలకు వేలెడు ఎత్తున, నిండిన బిందెలో నీళ్లలా సమంగా సాగిపోయింది. యేసన్న నవ్వు ఆగిపోయింది. గొంతుకూర్చుని, ఇసుకను అరచేత్తో తడిమి చూశాడు. లోతు అడుగు, తేలిక అడుగు. వాటి పక్కన గీత లేదు.

"యాడా తగల్లేదే," అన్నాడు.

సారా అవతలి చెలమ దాకా పోయి, ఎవరూ చెప్పకుండానే తిరిగి నడిచి వచ్చింది, ఈసారి వేగంగా.

"అమ్మా, రేపు బడికి పోతా."

"పో. నేను వద్దంటినా?"