ఎవరి కుడి?

ఎమిలీ చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. కార్ఖానా బస్తీలో ఆస్పత్రులకు ఆవిరి పెట్టెలు చేసే ఒక చిన్న కంపెనీలో డ్రాయింగులు గీసేది. ఆపరేషన్ కత్తెరలు, గుడ్డలు క్రిములు చచ్చేలా ఉడికించే పెట్టెలవి. తొంభైల్లో ఒకరోజు మేనేజరు పద్మనాభం ఆమెను పిలిచి, పెట్టె వాడకం చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఆస్పత్రి ఆయాలకు అర్థం కావడం లేదు, తెలుగులో నువ్వే రాయాలన్నాడు. సండే స్కూల్లో కథలు చెప్పే మనిషికి ఇదొక లెక్కా అని ఆయన ధీమా.

"అటు గీతా, ఇటు రాతా! రెంటికీ చెడ్డ రేవడివవుతావే," అంది చిలకలగూడ ఇంట్లో తల్లి కాంతమణి.

పుస్తకం ఎలా అమర్చాలో తెలియక ఎమిలీ తనకు తెలిసిన పద్ధతే పట్టుకుంది: బైబిల్లోలా అధ్యాయాలు, అంకెలేసిన వచనాలు. షెడ్డులో అందరూ "ఎమిలీ సువార్త" అని నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, వెతికింది చిటికెలో దొరికేది.

చిక్కంతా ఒక్క వచనం దగ్గర వచ్చింది. "కుడి పిడి తిప్పి ఆవిరి వదలండి. ముల్లు సున్నాకు వచ్చాక ఎడమ పిడితో తలుపు తీయండి." పిడులు రెండూ పెట్టె నెత్తిమీదే, ఒకేలా ఉంటాయి. తలుపు ముందు, ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు వెనక. పని నేర్చుకోవడానికి ఆస్పత్రి నుంచి వచ్చిన ఆయా బాలమ్మ ఖాళీ పెట్టె వెనక్కి వెళ్ళి ఆగిపోయింది.

"ముల్లు చూడాలంటే గీడికే రావాలె గద. గీడ నిలబడితే ఎవరి కుడమ్మా? నాదా, మిషన్‌దా?"

ఎమిలీ ముందొకసారి, వెనకొకసారి నిలబడి తన కుడిచేయి తానే చూసుకుంది. వెనకనుంచి కుడి అంటే తలుపు పిడి. లోపల ఆవిరి ఉండగా అది తిప్పితే ముందున్నవాళ్ళ మొహం కాలిపోతుంది. "తలుపు వైపున్నవారి కుడి" అని రాస్తే బాలమ్మ ఇంకాస్త పరేషాన్ అయింది. పిడికి రంగు పూద్దామంటే వేడికి రాలిపోతుంది. తల ప్రాణం తోకకొచ్చింది. వాక్యం వంకరా, పెట్టె వంకరా? పెట్టె గీసింది తనే. ఎమిలీకి భయమేసింది.

"రేపు పెట్టెలు లారీ ఎక్కాలి," అన్నాడు పద్మనాభం. "మాట మార్చమ్మా, మిషన్‌ని ముట్టుకోకు. అసలు నువ్విప్పుడు ఇంజనీరువా, రైటరువా?"

"తెలియదు సార్," అంది ఎమిలీ, నిజంగానే తెలియక. "ఇంజనీరుగా అడిగితే మిషన్ పాస్ అంటాను. రాసేదానిగా అడిగితే ఆ వాక్యం నా వల్ల కాదు."

ఆయన విసుక్కుంటూ కాగితం లాక్కుని పెట్టె వెనక్కి నడిచాడు. ముల్లు మీద చూపు నిలిపి, "కుడి పిడి" అని గట్టిగా చదివి తిప్పాడు.

తలుపు ధడేలున తెరుచుకుంది. ఈలోగా ముందుకొచ్చి నిలబడ్డ బాలమ్మ ఉలిక్కిపడి కొంగుతో మొహం కప్పుకుంది. లోపల ఆవిరి లేదు. అయినా ఎవరూ నవ్వలేదు.

పద్మనాభం చేయి పిడి మీదే ఉండిపోయింది. "లారీ వద్దని చెప్పు," అన్నాడు.

ఆ మాట ఇంజనీరుతో అన్నాడో, రైటరుతో అన్నాడో ఎమిలీకి అర్థం కాలేదు. ఫోను దగ్గరికి మాత్రం పరుగెత్తింది.