అక్క తెచ్చుకున్న ఆటపెట్టె

నిన్న ఇన్వర్టర్ బాగుచేయడానికి వచ్చిన మనిషి మా వసారాలో కూర్చుని టంకం వేస్తుంటే ఆ పొగ వంటింటి దాకా వచ్చింది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం పొయ్యి మీది పప్పు సంగతి మరిచిపోయి అతని పక్కనే నిలబడిపోయాను, పప్పు అడుగంటింది కూడా. ఏం చేయను, అది మా అక్క కుట్టుమిషన్ అంగడి వాసన. జాకెట్లు కుట్టే అంగట్లో టంకం వాసన ఎందుకుంటుందని ఇన్వర్టర్ మనిషే ఆశ్చర్యపోయాడు. చెప్పాలంటే చాలా వెనక్కి పోవాలి.

మేం పెరిగింది సోమందేపల్లెలో. అక్క పదో తరగతిలో ఉన్నప్పుడు బస్టాండు ఎదురుగా ఒక వీడియోగేమ్ అంగడి పెట్టారు. బీరువా అంత చెక్కపెట్టె, అందులో ఛాతీ ఎత్తున ఒక టీవీ తెర, దాని కింద ఒక హ్యాండిలు, ఎర్ర బటన్లు. ఉన్నది ఒకటే ఆట. పైనుంచి విమానాలు దిగుతుంటాయి, మనం కిందనుంచి కాల్చాలి. కొళాయి దగ్గర బిందెల్లాగా మగపిల్లలు దాని ముందు వరస కట్టేవాళ్ళు. ఆడపిల్లలు రాకూడదని ఎవరూ బోర్డు రాయలేదు, రాయాల్సిన అవసరమే లేదు. ఒకరోజు బడి నుంచి వస్తూ అక్క తన సంచీ నా చేతికిచ్చి నేరుగా లోపలికి పోయింది. మొదట అందరూ నవ్వారు. కాసేపటికి నవ్వులు ఆగిపోయి, తెరకు దగ్గరగా జరిగి చూడసాగారు. అంతలో మా చిన్నాయన వచ్చాడు. బస్టాండంతా చూస్తుండగా అక్కను జడపట్టి ఇంటిదాకా ఈడ్చుకొచ్చాడు. అక్క ఏడవలేదు. "ఆట ఇంకా అయిపోలే" అని మాత్రం అంది. ఆ వారమే అక్కను బడి మాన్పించారు. మా ఇంట్లో నోరున్న మనిషి చిన్నాయనే, నాయన అడ్డు చెప్పలేకపోయాడు. నన్ను చదివించారు, నేను టీచరునై బుక్కరాయసముద్రంలో కాపురం పెట్టాను. అక్క కుట్టుపని నేర్చుకుంది, లారీ నడిపే బావను చేసుకుంది, బస్టాండు వెనక చిన్నాయనకున్న గదిలోనే మిషన్ అంగడి పెట్టుకుంది.

అక్కకు యాభై దగ్గరపడ్డాక, రోడ్డు వెడల్పు చేస్తూ బస్టాండు ముందరి అంగళ్ళు కొట్టేశారు. ఎప్పుడో మూతబడిన ఆ వీడియోగేమ్ అంగడి వెనకనుంచి అదే పెట్టె బయటపడింది. పాత సామాన్ల మనిషి దాన్ని పలకలు పలకలుగా విరగ్గొట్టబోతుంటే అక్క అడ్డం నిలబడి తన అంగట్లోకి తెచ్చుకుంది. ఆదివారం నేను పోయేసరికి వెనక తలుపు ఊడదీసి, పెట్టెలోకి సగం దూరి ఉంది. లోపల ఎలుకలు కాపురం చేసి పోయినట్టున్నాయి, శనక్కాయ పొట్టు గంపెడు. "చూస్తివా, మన చేన్లో ఎన్నడూ ఇంత పంట రాలే" అంది అక్క. ఈ వయసులో నీకిదంతా ఎందుకక్కా అన్నాను. తల బయటికి తీయకుండానే, "ఏ వయసులో ఆడనిచ్చినారు మే నన్ను?" అంది. నేను చీపురు తీసుకుని పొట్టు ఊడ్చాను.

లోపల ఆటను నడిపే పాత సర్క్యూట్ బోర్డు చచ్చిపోయింది. దాని బదులు రకరకాల ఆటలున్న కొత్త బోర్డు ఒకటి బావ బెంగుళూరు ట్రిప్పులో తెచ్చాడు. అక్క ఫోనులో వీడియోలు చూస్తూ, ఆపి ఆపి మళ్ళీ చూస్తూ, సూదిలో దారం ఎక్కించే ఓపికతో ఒక్కో వైరునూ అతికించింది. జాకెట్ల మధ్య టంకం పొగ చుట్టుకునేది. ఒక పెళ్ళికూతురి జాకెట్టు భుజం మీద చిన్న చిల్లు పడితే దానిమీద పువ్వు కుట్టి ఇచ్చింది, ఆ పిల్ల సంబరపడి రెండో భుజానికీ పువ్వు కావాలంది. మొదటిసారి స్విచ్ వేస్తే తెరమీద బొమ్మ తలకిందులుగా వచ్చింది. నేను ఉసూరుమన్నాను. అక్క మాత్రం తల పక్కకు వంచి అలాగే కాసేపు ఆడి, ఆ తర్వాతే కరెంటు తీసి వెనక వైర్లు అటువి ఇటు మార్చింది. కారు పందేలు, కప్ప రోడ్డు దాటే ఆట, ఇటుకలు పేర్చే ఆట, ఏది కావాలంటే అది. రూపాయి బిళ్ళ వేసే చీలికను మూసేసి అక్కడొక బటన్ బిగించింది. ఎవరు నొక్కినా ఆట మొదలవుతుంది.

జాకెట్టు కొలతలకు వచ్చిన ఆడపిల్లలు ఆగిపోయి ఆడటం మొదలుపెట్టారు. బడి వదిలాక అంగడి నిండేది. వీధిలో గొణుగుడు మొదలై, అది చిన్నాయన చెవిన పడింది. ఎనభై దాటినా తెల్లబట్టల మడత నలగని మనిషి. గడప దాటకుండా బయటే నిలబడ్డాడు.

"ఆడపిల్లోళ్ళను చెడగొడతాండావంట. తీసి పారెయ్ దాన్ని."

"అది చెడగొట్టేదైతే మొగపిల్లోళ్ళు ఆడినప్పుడే చెప్పింటే బాగుండు చిన్నాయనా."

"ఎదురు మాట్లాడొద్దు. ఆ డబ్బా ఈడ ఉంటే నువ్వు ఈడ ఉండేదానికి లేదు."

అక్క కత్తెర కింద పెట్టింది. "సరే చిన్నాయనా. అదీ నేనూ పోతాం."

మర్నాడే పోయింది. సామాన్ల ఆటోలో పెట్టెను నిలబెట్టి, పక్కన మిషన్ కట్టి, తనూ, ఫోను చేస్తే వచ్చిన నేనూ వెనక నడిచాం. అక్క ఇల్లున్న కాలనీకి సందులోంచి దగ్గర దారి ఉన్నా బస్టాండు మీదుగానే పొమ్మంది. మిట్టమధ్యాహ్నం. టీ అంగడి ముందు చిన్నాయన తన మనుషులతో కూర్చుని ఉన్నాడు. అందరూ ఇటు తిరిగారు. అక్క కొంగు సర్దుకుని డ్రైవరుతో, "నిదానంగా పోప్పా, వైర్లు ఊడిపోతాయి" అంది. అతను నిజంగానే నిదానంగా పోయాడు.

ఇప్పుడు అంగడి అక్క ఇంటి ముందరి రేకుల షెడ్డులో ఉంది. బస్టాండుకు దూరమని మొదట్లో బేరాలు తగ్గాయి. వేసవిలో రేకుల కింద ఇప్పటికీ ఉడికిపోతాం. అక్క పెట్టెకొక ఫ్యాను పెట్టింది, తనకు పెట్టుకోలేదు. చిన్నాయన మళ్ళీ మాట్లాడలేదు. ఎదురుపడితే అక్క నమస్కారం పెడుతుంది, క్షమాపణ అడగదు. పోయిన నెల నేను పోయినప్పుడు కలుపు పని నుంచి వస్తున్న ఒకామె కొడవలీ క్యారియరూ కింద పెట్టి, మట్టి చేతులు చీరకు తుడుచుకుని, ఆడుతున్న కూతుర్ని పక్కకు జరగమని హ్యాండిలు పట్టుకుంది. కప్ప మొదటి లారీ కిందే పడింది. "మళ్ళీ నొక్కక్కా, ఎవరొద్దన్నారు" అంది మా అక్క. ఆమె మళ్ళీ నొక్కింది. పోయిన కాలం గురించి అక్క ఆ ఆదివారం అన్న ఒక్క మాట తప్ప నాతో ఇంకేమీ అనలేదు, మిగిలిన కాలంలో మాత్రం ఒక్క పూటను కూడా ఎవరి ఇష్టానికీ వదిలిపెట్టడం లేదు.