అయస్కాంతం వెనుక మనిషి

మొన్న మా అన్నయ్య కూతురు ఫిల్మ్ నగర్‌లో తాను వేయించిన సెట్ చూపిస్తానని మోతీనగర్ వచ్చి నన్ను కారెక్కించుకుని వెళ్ళింది. సినిమాలో అది అణుపరిశోధన జరిగే చోటట. ప్లైవుడ్ గోడలకు కాంక్రీటు రంగు వేసి, థర్మోకోల్‌తో ఏనుగంత అయస్కాంతం చేసి, తలుపు మీద ఎర్రదీపం పెట్టారు. "అత్తమ్మా, జర చూసి చెప్పు, నిజంగ గిట్లనే ఉంటదా?" అని అది అడుగుతుండగానే ఎవరో సైరన్ మోగించి చూశారు. ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మా నాన్న ఒకప్పుడు ఆ చుట్టుపక్కల స్టూడియోల్లోనే లైట్లు వేసే పని చేసేవారు. పెద్ద దీపం వెలిగించే ముందు దాని ఎదుట ఎవరైనా ఉంటే, "ఆగుండ్రి! మనిషున్నడు!" అని కేకేసేవారు; ఆ గొంతుకు ఫ్లోరంతా నిలిచిపోయేది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన ఆడపిల్లను ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పుకోమనే ఆ రోజుల్లో, నన్ను పరిశోధనకు విదేశం పంపింది ఆయనే.

అక్కడ భూమి లోపల ఒక హాలు. ఎలక్ట్రాన్ల ధారను పల్చటి లోహపు రేకుకు తగిలిస్తే పుట్టే తీక్షణమైన కాంతిని ద్రవ హైడ్రోజన్ మీదికి పంపేవాళ్ళం. ప్రోటాన్‌కు సొంతమైనవి రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు, అంతే. అయినా దాని లోపల స్ట్రేంజ్ క్వార్కు, దాని ప్రతిక్వార్కు జంటగా పుట్టి, అంతలోనే మాయమవుతుంటాయి. అలాంటి జంటతో తయారైనదే ఫై మెసాన్ అనే కణం. కాంతి దెబ్బకు అది బయటపడి కేయాన్లనే రెండు కణాలుగా విడిపోతే, వాటి జాడలు మా పరికరాలకు దొరికేవి. చిక్కల్లా ఒకటే: కాంతి తానే ఫై మెసాన్‌గా మారి వచ్చిందా, లేక ప్రోటాన్ లోపల పొంచి ఉన్నదే బయటికి వచ్చిందా? తమిళుడైన మా ఆచార్యులు ఈ ప్రశ్నతోనే తల నెరిపించుకున్నారు.

మనిషికి తగిలితే ప్రాణం తీసే ఆ కాంతిని వదిలే ముందు హాలంతా తిరిగి, లోపల ఎవరూ లేరని చూసుకోవాలి. ఒకనాటి పొద్దున ఆ వంతు నాది. పేరుపేరునా పిలిచాను, మూలమూలా చూశాననుకున్నాను. తలుపు మూసి తాళం తిప్పగానే, కాంతి వస్తోందని హెచ్చరించే సైరన్ మొదలైంది. ఆ మోతలో, ఆ ఇనుప తలుపు అవతల నుంచి, స్పష్టంగా తెలుగులో, అచ్చం నాన్న గొంతుతో వినబడింది: "ఆగుండ్రి! మనిషున్నడు!"

అంతా ఆపేసే ఎర్ర బొత్తాం మీద అరచేత్తో గుద్దాను. సైరన్ ఆగిపోయింది. పక్కనున్న తోటి పరిశోధకురాలు ఏమైందని అడిగింది, ఆమెకేమీ వినబడలేదట. ఇద్దరం లోపలికి పరుగెత్తాం. అయస్కాంతం వెనుక, కాంక్రీటు దిమ్మెల సందులో మా ఆచార్యులు స్పృహ తప్పి పడి ఉన్నారు. హైడ్రోజన్ గొట్టం సరిచూద్దామని, నియమం తప్పి, ఎవరికీ చెప్పకుండా వెనుక తలుపు నుంచి వచ్చారట, షుగరు పడిపోయింది. తేరుకున్నాక అడిగితే, తాను నోరు తెరవనేలేదన్నారు. తెరిచినా ఆయనకు తెలుగు ముక్క రాదు.

నాన్నకేదో అయిందన్న భయంతో మధురానగర్‌లో మా పక్కింటివాళ్ళకు ట్రంక్ కాల్ చేశాను. ఆయన నిక్షేపంగా వచ్చి మాట్లాడారు. విషయమంతా విని, "నేనైతే పిల్వలే బిడ్డా. పిలిచినోడు ఎవడైతేంది, మనిషి బతికిండు గద," అన్నారు. నాకు ధైర్యం చెప్పడానికే అన్నారు కానీ, ఆ మాటతో నా భయం రెట్టింపైంది. నాన్న కాకపోతే మరి ఆ హాల్లో ఉన్నదెవరు?

ఆ ప్రయోగం ఆచార్యుల ప్రశ్నను పూర్తిగా తేల్చలేదు. ప్రోటాన్‌లో స్ట్రేంజ్ క్వార్కుల వాటా మేము ఊహించినంత లేదని మాత్రం తరువాతివాళ్ళు వేరే దారుల్లో కనుక్కున్నారు.

సెట్ నుంచి తిరిగి వస్తుంటే జూబ్లీ హిల్స్ దారంతా అద్దాల మేడలే. నాన్న పనికి పోతూ సైకిల్ దిగి చెమట తుడుచుకున్న గుట్టలు ఎక్కడా కనబడలేదు. ఆయన పోయారు, అన్నయ్య పోయాడు, ఆచార్యులూ పోయారు. నాన్న గొంతు ఎలా ఉండేదో చెప్పగలదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే మిగిలాను. ఇప్పుడది మళ్ళీ వినబడితే, అవును, ఆయన గొంతేనని తలాడించేవాళ్ళెవరూ లేరు.