చుక్క గుర్తు, చెల్లె నిశ్చయం

ఆ రోజుల్లో నేను ప్రకటనలను కింది నుంచి పైకి చదివేవాణ్ణి. అందరూ పెద్ద అక్షరాలు చూసి మురిసిపోయి తమ దారిన పోతే, నేను ఆ అక్షరాల భుజాన వేలాడే బుల్లి చుక్క గుర్తును పట్టుకుని, అది ఎక్కడికి దారి తీస్తుందో వెతుక్కుంటూ హోర్డింగు అడుగుదాకా పోయేవాణ్ణి. జగిత్యాలలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేసి, అక్కడే ఒక కంప్యూటర్ల దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను. కోరుట్ల నుంచి రోజూ వచ్చి బస్సు దిగగానే ఎదురుగా ఒక మొబైల్ కంపెనీ బోర్డు: 'మెరుపుకే చెమట పట్టించే వేగం!' దాని కింద, చీమలు బారులు తీరినట్టు, 'వరకు', 'ప్రదేశాన్ని బట్టి', 'సమయాన్ని బట్టి', 'షరతులు వర్తిస్తాయి'. కింద నిలబడితే అవి కనబడవు కాబట్టి, ఒకనాడు ఆగి ఉన్న బస్సు వెనక నిచ్చెనెక్కి ఫోటో తీశాను. (కండక్టరు వచ్చి "ఏం మర్శిపోయినవ్ తమ్మీ, మీద సామానున్నదా?" అన్నాడు. "లేదన్నా, షరతులు సూస్తున్న" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా నెమ్మదిగా కిందికి దించాడు.)

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! కంపెనీ వాళ్ళకు ఫోను చేశాను. అవతల ఒక అమ్మాయి గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది. "మేడమ్, మీరు చెప్పిన వేగం వస్తదా?" "ఆ వేగం వరకు వస్తుంది సార్." "సగం వస్తే?" "అదీ అంతవరకే కదా సార్." "అసలే రాకపోతే?" ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "సున్నా కూడా దాని లోపలే ఉంటుంది సార్. నేను మీకు ఇంకే విధంగా సహాయపడగలను?" అంది. కోపం రాలేదు, నిజం చెప్పొద్దూ, గౌరవం కలిగింది. నిర్వచనం పక్కాగా ఉంది. ఆ రాత్రే మూడు కంపెనీల ప్రకటనలు ముందేసుకుని పట్టిక గీశాను: చెప్పిన వేగం ఎంత, రోజు వాటా ఎంత, వాటా అయ్యాక ఏమిటి, విదేశాల్లో ఏమిటి. మా నాన్న తొంగిచూసి, "పరీక్షలున్నప్పుడు గింత రాస్తే ఫస్టు క్లాసు అస్తుండె" అన్నాడు.

ఆ పట్టికకు పని పడింది సిరిసిల్లలో. మా చిన్నమ్మ ఇల్లు అక్కడ. చిన్నాయన పోయాక నాలుగు సాంచాలు (మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు) తనే నడిపించుకుంటూ ఇద్దరు పిల్లలను పెంచింది. పెద్దవాడు మా అన్న. చిన్నది మా చెల్లె. చెల్లెకు కోరుట్ల సంబంధం కుదిరి, నిశ్చయానికి రోజు పెట్టుకున్నాక, అన్నకు మస్కట్ వీసా వచ్చిపడింది. ఆ వీసా కోసం ఎంత కాలంగా ఎదురుచూశాడో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఆగమనలేదు. (అతను వెళ్ళింది మస్కట్టే, మా వాళ్ళకు మాత్రం సముద్రం అవతల ఉన్నదంతా దుబాయి.) అక్కడి గుర్తింపు కార్డు చేతికొచ్చేదాకా అక్కడి సిమ్ము ఇవ్వరని తెలిసి, ఇక్కడి సిమ్ము మీదే రోమింగ్ ప్యాకు వేయించి పంపాను. ప్రకటనలో 'పరదేశంలోనూ మన వాకిట్లో ఉన్నట్టే!' అని ఉంది. చుక్క గుర్తు వెంట పోతే అసలు సంగతి తెలిసింది. రోజుకు ఇంత అని వాటా ఉంది, అది దాటితే వేగం 'తగ్గించబడును'. ఎంతకు తగ్గించబడునో రాయలేదు. ఈ సంగతి అన్నకు రెండుసార్లు చెప్పాను. "మంచిదిరా ఇంజినీరూ" అని నా భుజం తట్టి విమానం ఎక్కాడు.

తర్వాత చిన్నమ్మ బాంబు పేల్చింది. "తండ్రి లేని పిల్ల. తండ్రి జాగల అన్న కూసోవాలె. వాడు సూసి 'సరే' అనకుంట నేను తాంబూలం ముట్ట" అంది. పెళ్ళికొడుకు వాళ్ళు పద్ధతి గల మనుషులే కానీ, వాళ్ళ మేనమామ ఒకాయనకు ముహూర్తమంటే రైలు టైము లెక్క. అందరూ నా వైపు చూశారు. "చిన్నమ్మా, అన్నకు సూపెట్టే పూచీ నాది" అన్నాను. నా గొంతులో అప్పుడు ఉన్న ధీమా ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ముందురోజే సిరిసిల్ల చేరి, ఫోను పట్టుకుని ఇల్లంతా కొలిచాను. పందిట్లో, అర్రలో, పొయ్యికాడ, డాబా మీద, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఎక్కడ కొలిచినా వేగం అద్భుతం. బోర్డు మీది అంకెకు కూతవేటు దూరంలో ఉంది. ఒకటే చిక్కు: సాంచాల సప్పుడు. గల్లీ మొత్తం టకటకటకమంటుంటే పంతులు మంత్రం చదివినా, నేను పాట పాడినా ఒక్కటే. అందుకని ఇంటింటికీ తిరిగి, ముహూర్తం సమయానికి ఒక్క గంట సాంచాలు ఆపమని బతిమాలాను. ఒక ఆసామి "నీ వీడియో కోసం నా బట్ట ఆపాల్నా?" అని గుర్రుమన్నాడు గానీ, చిన్నమ్మ పేరు చెప్పేసరికి మెత్తబడ్డాడు. కార్మికులైతే నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశారు.

తెల్లవారింది. పూచీ తీసుకున్న మనిషిని కదా, ముందుగానే ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టి దాని లింకు చుట్టాల గ్రూపులో పెట్టాను. బొమ్మ అద్దంలా ఉంది. ఆ సంతోషంలో అన్నకు వేసిన కుర్చీలు చూపించాను, వేయబోయే కుర్చీలు చూపించాను, మామిడాకులు దగ్గరగా చూపించాను, వచ్చినవాళ్ళ చెప్పుల వరుస కూడా చూపించాను. అన్న పంపిన వాయిస్ మెసేజ్ నా రెండో ఫోనులో మోగింది: "తమ్మీ, చెప్పులు మస్తు కనవడుతున్నయి. గని కంపెనోడు మెసేజ్ వెట్టిండురా." మెసేజ్ కూడా చదివాడు: 'ప్రియమైన వినియోగదారా, నేటి వాటాలో సగం వాడారు. ఆనందించండి!'

ముహూర్తం దగ్గరపడింది. పంతులు చెయ్యెత్తాడు, నేను వీధిలోకి సైగ చేశాను, సాంచాలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఆ గల్లీలో పట్టపగలు అంత నిశ్శబ్దం నేనెన్నడూ వినలేదు. చెల్లె ఎర్రచీరలో వచ్చి పీట మీద కూర్చుంది. నేను గర్వంగా ఫోను వైపు చూశాను. దానిలో ఒక గుండ్రం తిరుగుతోంది.

తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. ఒక్కసారి బొమ్మ వచ్చి, మళ్ళీ గడ్డకట్టింది. అన్న గొంతు: "ఏందిరా, చెల్లె కండ్లు మూసుకున్నది? ఏడుస్తున్నదా? పిల్లకు ఇష్టమేనా?" వేగం కొలిచాను. నిన్నటి అంకె పక్కన పెడితే ఇది అంకె అనిపించుకోదు. మేనమామ గడియారం చూసి, "పిల్లగాడు సూసేది సూస్తడు గని, తాంబూలాలు మార్సుకుందాం, కానియ్యిండ్రి" అన్నాడు. చిన్నమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నా కొడుకు సూడాలె" అంది, అంతే. పంతులు మధ్యవర్తిలా, "ఇంకా కొంత సమయం ఉన్నది లెండి" అన్నాడు. అన్న గొంతు మళ్ళీ మోగింది: "తమ్మీ, వాటా ఒడుస్తున్నది. జల్ది సూపెట్టరా."

ఓడిపోవడానికి నేను సిద్ధంగా లేను. ఫోనును స్టాండుకే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా, తప్పెక్కడుందో చూద్దామని గల్లీలోకి ఉరికాను. ఉరికి, నిలబడిపోయాను. ప్రతి అరుగు మీదా మనుషులు. ప్రతి చేతిలో ఫోను. ఒడిలో బీడీల చాట పెట్టుకున్న ఒక అవ్వ, తంబాకు కుప్పకు ఫోను ఆనించుకుని కూర్చుంది. నా బుర్రలో అప్పుడు వెలిగింది: సాంచాలు నడిచినంతసేపు గల్లీ మొత్తం పనిలో ఉంటుంది, గాలిలోని నెట్ అంతా నాదే. సాంచాలు ఆగాయంటే అందరి చేతులూ ఖాళీ. నిన్న నేను ఖాళీ రోడ్డు మీద బండి నడిపి, జాతరనాడూ ఇంతే వేగం అని తేల్చాను.

"అవ్వా, ఏం సూస్తున్నవే?" అన్నాను.

"మీ చెల్లె నిశ్చయం సూస్తున్న కొడుకా" అంది. "మీ చుట్టాల లింకు మా గల్లి గ్రూపులకు అచ్చింది. గని గిర్రగిర్ర తిరుగుతుంది. ఎవడు వెట్టిండోగని, నెట్ మంచిగ లేదు."

నాలుగిండ్ల అవతల జరుగుతున్న నిశ్చయం! ఇటు అరుగు మీద, అటు అరుగు మీద, గల్లీ గల్లీ అదే గుండ్రం తిరుగుతోంది. "అమ్మలారా, అన్నలారా, ఒక్క పది నిమిషాలు ఫోన్లు బంద్ వెట్టుండ్రి!" అని అరిచాను.

"నిన్న సాంచాలు బంద్ అన్నవ్, ఇయ్యాల ఫోన్లు బంద్ అంటున్నవ్. రేపు ఊపిరి బంద్ అంటవా?" అన్నాడు ఒకాయన.

"అయితే లోపటికి రాండ్రి, కండ్లార సూద్దురు!"

ఎవరూ కదల్లేదు. అవ్వ ఆకు చుడుతూనే నెమ్మదిగా అంది: "బొట్టు వెట్టి పిలిసిండ్రా కొడుకా? ఫోనుల సూసెతందుకు బొట్టు అక్కెర లేదు. గడప దాటాల్నంటే అక్కెర."

దానికి నా పట్టికలో గడి లేదు. వెనక్కి పరిగెత్తి చిన్నమ్మ చెవిలో చెప్పాను. ఆమె కొద్దిమందికే వండించింది. వీధిని పిలవలేకపోయానన్న బాధ ముందే ఉంది. ఒక్క క్షణం మేనమామను చూసింది, ఒక్క క్షణం తిరుగుతున్న గుండ్రాన్ని చూసింది. కుంకుమ భరిణె మా అమ్మ చేతిలో పెట్టి, "అక్కా, నువ్వు పో. నేను పిలిసిన్నని చెప్పు. అందర్ని" అంది. "కూర సాలదు" అని ఎవరో గొణిగితే, "సాలకుంటె పొయ్యి మీద పప్పు వెట్టుండ్రి" అంది.

మా అమ్మ ముందు, నేను వెనక. అరుగు అరుగుకూ బొట్టు. బొట్టు పడిన ప్రతి నుదురుకూ ఒక ఫోను జేబులోకో, కొంగులోకో పోయింది. మేనమామ గడియారం వైపు కాక వాకిలి వైపు నోరు తెరుచుకుని చూస్తుండగా, గల్లీ గల్లీ మా పందిట్లోకి వచ్చి కూర్చుంది. అవ్వ చాటతో సహా వచ్చింది.

గుండ్రం ఆగింది. చెల్లె తలెత్తింది. ఆ తర్వాత ఎంతసేపో తెలియదు, నా రెండో ఫోను మోగింది. ఈసారి మెసేజ్ కాదు, కాల్. స్పీకరు పెట్టాను. "అన్నా, కనవడుతున్నదా?" అన్నాను. "కనవడుతుందిరా" అన్నాడు అన్న. "అందరున్నరు గదరా. నేనొక్కన్నే లేను." అని ముక్కు ఎగబీల్చి, "అమ్మా, సరే. ముట్టు" అన్నాడు. చిన్నమ్మ చేతులు కొంగులోంచి బయటికి వచ్చాయి. తాంబూలం అందుకుందో లేదో, లైన్లో టింగుమని శబ్దం వచ్చింది. "తమ్మీ, వాటా ఒడిసింది. గిప్పుడు సూడు, ఎంతకు తగ్గిస్తడో!" అని నవ్వాడు అన్న. (ఎంతకు తగ్గించారంటే, మర్నాటి దాకా ఒక్క ఫోటో పోలేదు. ఆ సున్నాను నా పట్టికలో రాసుకున్నాను.)

నేను అక్కడితో వదల్లేదు. కంపెనీకి ఫిర్యాదు పెట్టాను, మళ్ళీ పెట్టాను, పై వాళ్ళకు పెట్టాను. చివరికి ఒక టెక్నీషియన్ను పంపారు. పాపం, పద్ధతి గల మనిషి. పనివేళల్లో వచ్చి, సాంచాల హోరులో నిలబడి కొలిచి, తెర నా మొహం ముందు పెట్టి, "సూడు తమ్మీ, మస్తున్నది!" అని అరిచాడు. గల్లీ మొత్తం సాంచాలు ఆపితేనే నా మాట రుజువవుతుందని అతని చెవిలో అరిచి చెప్పాను. అతను నన్ను, సాంచాలను మార్చి మార్చి చూసి, 'సమస్య పరిష్కరించబడినది' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

చెల్లె ఇప్పుడు కోరుట్లలోనే ఉంది. రీఛార్జి చేయించాలంటే నాకే ఫోను చేస్తుంది: "అన్నా, కింద సన్నగ ఏం రాసిండ్రో సదివి చెప్పు. అందరు హీరోయిన్ మొఖం సూస్తరు, నువ్వు చెప్పులకాడ సూస్తవు గద." చదివి చెబుతాను. ఆ గల్లీలో ఉత్తకాళ్ళతో పరిగెత్తిన కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. ఇంట్లో అన్ని మూలలూ కొలిచాడు గానీ, వీధిలో మనుషులుంటారన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. అయినా వాడి మీద నాకు కోపం లేదు. అంత పంతంగా, ఒక్క మనిషి ఒక్క మాట అనడం కోసం, నేను మళ్ళీ ఎప్పుడూ పరిగెత్తలేదు. ఇప్పుడు నెట్ బాగానే వస్తోంది మరి.